వింటర్ టైర్లు వేసినప్పుడు గాలి ఒత్తిడి సెన్సర్ల సంగతి: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

చలికాలానికి వేరే టైర్లు కొనేవారు టైరు బ్రాండు గురించి, సైజు గురించి ముందే చదువుకుని వస్తారు. తీరా షాపులో నిలబడ్డాక "సెన్సర్లు కూడా వేయమంటారా?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. టైరులో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద దీపం వెలిగించే టీపీఎంఎస్ వ్యవస్థ ఇప్పుడు చాలా కార్లలో ఉంది. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారైన తేలికపాటి వాహనాలన్నింటికీ, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. చక్రాలు మారినప్పుడు ఈ వ్యవస్థను ఏం చేయాలన్నదానికి అందరికీ పనికివచ్చే జవాబు ఒకటి లేదు. ఉన్న కారును బట్టి, ఉన్న రిమ్ములను బట్టి, కారును ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారన్నదాన్ని బట్టి అది మారుతుంది.

ముందు తేల్చుకోవలసింది: మీ కారులో ఉన్నది ఏ రకం?

టీపీఎంఎస్ రెండు రకాలు. ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రం లోపల, వాల్వుకు అంటిపెట్టుకుని ఒక చిన్న సెన్సరు ఉంటుంది. అది గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. ఉత్తర అమెరికా కార్లలో ఈ ప్రసారం ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, యూరప్ కార్లలో 433 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. కొన్ని కొత్త కార్లు బ్లూటూత్‌కు మారాయి. సెన్సరులోని బ్యాటరీని లోపలే మూసివేస్తారు కనుక అది అయిపోతే బ్యాటరీని మార్చడం కుదరదు, సెన్సరునే మార్చాలి. దాని ఆయుష్షు మామూలుగా ఐదు నుంచి పదేళ్లు.

పరోక్ష పద్ధతిలో చక్రం లోపల ఏమీ ఉండదు. ఏబీఎస్ బ్రేకుల కోసం ప్రతి చక్రం దగ్గర ఇప్పటికే ఉన్న వేగ సెన్సర్లనే కారు వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, అదే దూరానికి ఆ చక్రం మిగతావాటికంటే కాస్త ఎక్కువ సార్లు తిరుగుతుంది. ఆ తేడాను పట్టుకుని దీపం వెలుగుతుంది. కొత్త తరం పరోక్ష వ్యవస్థలు దీనికి తోడు టైరు కంపనాల తీరును కూడా విశ్లేషిస్తాయి.

మీది ఏదో తెలుసుకోవడానికి షాపుకు వెళ్లనవసరం లేదు. కారు తెర మీద నాలుగు చక్రాలకూ విడివిడిగా ఒత్తిడి అంకెలు కనిపిస్తే అది దాదాపుగా ప్రత్యక్ష పద్ధతే. వాల్వు కాండం లోహంతో ఉన్నా చాలావరకు అంతే. వాల్వు రబ్బరుదైతే మాత్రం ఏదీ తేలదు, ఎందుకంటే రబ్బరు వాల్వుకు బిగించే సెన్సర్లు కూడా ఉన్నాయి. యజమాని పుస్తకంలో గాలి నింపాక ఒత్తిడిని గుర్తుపెట్టించమనే బటన్ గురించి రాసి, సెన్సరు బ్యాటరీ ప్రస్తావన ఎక్కడా లేకపోతే పరోక్షమని అనుకోవచ్చు.

పరోక్షమైతే మీ పని తేలిపోయింది. సెన్సర్లు కొనవద్దు. ఎవరైనా అమ్మజూపినా అవి మీ కారుతో మాట్లాడలేవు. కొత్త టైర్లు బిగించి, సరైన ఒత్తిడికి గాలి నింపి, వ్యవస్థను రీసెట్ చేస్తే చాలు. అయితే ఈ రీసెట్‌లో ఒక ఉచ్చు ఉంది, దాని గురించి ఇంకొంచెం ముందుకు వెళ్లాక చెప్పుకుందాం.

చలి ఏం చేస్తుంది?

దారులను పోల్చే ముందు, ఈ దీపం చలికాలంలో ఎందుకు అంత తరచుగా వెలుగుతుందో చూడాలి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడు మామూలు కారు టైరులో ఒత్తిడి సుమారు 1.6 పీఎస్‌ఐ, అంటే 0.1 బార్ కంటే కొంచెం ఎక్కువ పడిపోతుంది. 20 డిగ్రీల వెచ్చదనం ఉన్న షాపులో 33 పీఎస్‌ఐ నింపించుకున్న టైరు, బయట మైనస్ 10 డిగ్రీలలో రాత్రంతా నిలబడితే తెల్లారేసరికి 28 చూపిస్తుంది. ఎక్కడా చిల్లు లేదు, గాలి లీకు కాలేదు. అదే టైరు రెండు నెలల్లో సహజంగా మరో రెండు పీఎస్‌ఐ కోల్పోయి, చలి మైనస్ 20కి చేరితే గేజి 25 కంటే కాస్త కిందికి దిగుతుంది.

అమెరికా ప్రమాణం ప్రకారం, కారు తలుపు చట్రం మీద రాసిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలగాలి. 33కి ఆ అంచు సుమారు 24.8. కనుక పై ఉదాహరణలోని కారుకు దీపం సరిగ్గా ఆ చలి రోజునే వెలుగుతుంది. అంతకుముందు వారాల తరబడి ఆ టైరు 26, 27 మీద నడిచినా ఎవరికీ తెలియదు. యూరప్ నిబంధన 20 శాతం తగ్గుదలను కొలతగా పెట్టుకుంది కాబట్టి అక్కడ కొంచెం ముందే తెలుస్తుంది. ఏ సెన్సరు కొన్నా గేజితో నెలకోసారి చూసుకునే పనిని అది తప్పించదని నేను నొక్కి చెప్పేది ఇందుకే. దీపం వెలగలేదంటే పెద్ద ప్రమాదం ఇంకా రాలేదని మాత్రమే అర్థం, ఒత్తిడి సరిగ్గా ఉందని కాదు.

చాలామంది గమనించే మరో విషయం ఉంది. ఉదయం వెలిగిన దీపం కొన్ని కిలోమీటర్లు నడిపాక ఆరిపోతుంది. టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరగడమే దానికి కారణం, టైరు బాగుపడడం కాదు. ఆ సాయంత్రమే గాలి నింపించుకోవాలి. నైట్రోజన్ నింపితే ఈ బెడద ఉండదని కొన్ని షాపులు చెబుతాయి గానీ, చలికి కుంచించుకుపోవడంలో నైట్రోజన్‌కు, మామూలు గాలికి చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక పరోక్ష వ్యవస్థ ఉచ్చు. చలి నాలుగు టైర్లనూ ఒకేలా దించుతుంది. చక్రాలను ఒకదానితో ఒకటి పోల్చే పాత పరోక్ష వ్యవస్థలు నాలుగూ కలిసి తగ్గినప్పుడు తేడాను సరిగా పట్టుకోలేవు. పైగా దీపం వెలిగిందని విసుగొచ్చి, గాలి నింపకుండానే రీసెట్ బటన్ నొక్కితే ఆ తక్కువ ఒత్తిడే సరైనదని కారు నేర్చుకుంటుంది. ఆ తరువాత హెచ్చరిక ఉన్నా లేనట్టే. మంచు మీద చక్రాలు జారుతున్నప్పుడు, చైన్లు వేసినప్పుడు కూడా వేగాల లెక్క తారుమారై హెచ్చరిక ఆలస్యం కావచ్చు లేదా తప్పుగా రావచ్చు.

ప్రత్యక్ష పద్ధతి ఉన్నవారి ముందున్న దారులు

కింద ఐడీ అంటే ఒక్కో సెన్సరుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, క్లోన్ అంటే పాత సెన్సరు ఐడీనే కాపీ చేసిన సెన్సరు.

| దారి | హెచ్చరిక పనిచేస్తుందా | ఏటా రెండుసార్లు చేయవలసింది | మొదటి ఖర్చు | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఒకే రిమ్ములు, టైర్లు మాత్రం మార్చడం | పూర్తిగా | టైరు ఊడదీసి ఎక్కించడం, బ్యాలెన్సింగ్ | తక్కువ | ప్రతిసారీ కూలి, సెన్సరు విరిగే అవకాశం |
| రెండో రిమ్ములు, కొత్త ఐడీలతో సెన్సర్లు | పూర్తిగా | చక్రాలు మార్చి కారుకు నేర్పించడం | ఎక్కువ | కొన్ని కార్లకు ప్రతిసారీ పరికరం కావాలి |
| రెండో రిమ్ములు, క్లోన్ సెన్సర్లు | పూర్తిగా | చక్రాలు మార్చడం మాత్రమే | ఎక్కువ | కాపీ తీసేటప్పుడు పాత సెన్సర్లు పనిచేస్తూ ఉండాలి |
| రెండో రిమ్ములు, సెన్సర్లు లేకుండా | లేదు | చక్రాలు మార్చడం, గేజితో చూడడం | మధ్యస్థం | దీపం శాశ్వతంగా వెలగడం, చట్టపరమైన చిక్కులు |
| వాల్వు మూతల సెన్సర్లు | విడిగా, వాటి సొంత తెర మీద | మూతలు మార్చడం | తక్కువ | కారు దీపం ఆరదు, మూతలు మంచుకు, ఉప్పుకు గురవుతాయి |

ఒకే రిమ్ముల మీద టైర్లు మార్చుకోవడం

పైకి అన్నిటికంటే చవకైన దారి ఇది. సెన్సర్లు రిమ్ములోనే ఉంటాయి, ఐడీలు మారవు, కారుకు కొత్తగా నేర్పించవలసింది ఏమీ ఉండదు. కానీ ఏడాదికి రెండుసార్లు నాలుగు టైర్లూ ఊడదీసి ఎక్కించాలి. ఆ పని జరిగేటప్పుడు ఒకసారి దగ్గర నిలబడి చూడండి. యంత్రపు వెడల్పాటి పార టైరు అంచును రిమ్ము గోడ నుంచి లోపలికి నొక్కి విడదీస్తుంది. సెన్సరు వాల్వు అడుగున, సరిగ్గా ఆ గోడ పక్కనే ఉంటుంది. చేయి తిరిగినవాడు వాల్వుకు ఎదురుగా పార దించడు, ముందు చక్రాన్ని తిప్పుకుంటాడు. తొందరలో ఉన్నవాడు చూసుకోడు, ప్లాస్టిక్ పెంకు పగులుతుంది. మొదటి మంచుకు అందరూ ఒకేసారి షాపు ముందు బారులు తీరే వారంలో ఇలాంటివి ఎక్కువ జరుగుతాయి కనుక ఈ దారి ఎంచుకున్నవారు కొంచెం ముందే వెళ్లడం మేలు.

టైరు ఊడదీసిన ప్రతిసారీ లోహపు వాల్వు సెన్సరుకు నట్టు, రబ్బరు సీలు, వాల్వు కోర్ (లోపల గాలిని ఆపే భాగం), మూత మార్చాలి. ఈ చిన్న కిట్టు ఖర్చు పెద్దది కాదు గానీ దాన్ని మానేస్తే పాత సీలు దగ్గర గాలి నెమ్మదిగా జారిపోతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. అల్యూమినియం వాల్వులో నికెల్ పూత ఉన్న కోర్ మాత్రమే వాడాలి. మామూలు ఇత్తడి కోర్ వేస్తే రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి, కోర్ బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. లోహపు మూతలదీ ఇదే గతి. అందంగా ఉంటాయని వాటిని బిగించుకోకుండా ప్లాస్టిక్ మూతలతో సరిపెట్టుకోవడం మంచిది.

రెండు మూడు చలికాలాలు గడిచాక ఈ కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు కలిసి రెండో రిమ్ముల సెట్టు ధరకు దగ్గరపడుతుంది. కారును ఏడాదో రెండేళ్లో ఉంచుకుని అమ్మేయాలనుకునేవారికి, చక్రాలు నిలువ చేసుకునే చోటు లేనివారికి ఇది సరైనదే. మిగతావారు కింది రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

రెండో రిమ్ములు, సెన్సర్లతో: కొత్త ఐడీలా, క్లోన్లా?

అసలు ఆలోచించవలసిన ప్రశ్న ఇదే, షాపుల్లో సరిగా వివరించనిదీ ఇదే. ప్రతి సెన్సరుకూ ఒక ప్రత్యేక ఐడీ ఉంటుంది. కారు తన చక్రాల ఐడీలను జ్ఞాపకం పెట్టుకుని, వాటి మాట మాత్రమే వింటుంది. పక్కన పార్కు చేసిన కారు సెన్సరు చెప్పినదాన్ని మీ కారు పట్టించుకోకపోవడానికి కారణం ఈ ఏర్పాటే. కాబట్టి వేరే సెన్సర్లున్న చక్రాలు బిగించినప్పుడు ఆ కొత్త ఐడీలను కారుకు నేర్పించాలి.

అది నేర్చుకునే తీరు కారును బట్టి మూడు రకాలు. కొన్ని కార్లు పది, ఇరవై నిమిషాలు నడిపితే వాటంతటవే కొత్త సెన్సర్లను గుర్తుపట్టేస్తాయి. కొన్నింటిలో కారును నిలిపి నేర్చుకునే స్థితిలో పెట్టి, చిన్న పరికరాన్ని ఒక వరుసలో ఒక్కో వాల్వు దగ్గర చూపిస్తూ పోవాలి. ఒక్కో చక్రాన్ని గుర్తుపట్టగానే హారన్ మోగుతుంది. మరికొన్నింటిలో కారు కంప్యూటరుతో మాట్లాడే ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి ఐడీలను నేరుగా రాయాలి. కొన్ని టయోటా, లెక్సస్ మోడళ్లు రెండు సెట్ల ఐడీలను దాచుకుని, ఒక మీట లేదా మెనూతో ఒకదాని నుంచి ఇంకోదానికి మారనిస్తాయి.

మీ కారు మొదటి రకమైతే, లేదా రెండు సెట్లను దాచుకోగలిగితే, వేరే ఐడీలున్న సెన్సర్లు తీసుకోండి. ఏ గందరగోళమూ ఉండదు, క్లోన్ల అవసరమూ రాదు. నిలిపి నేర్పించే రకమైతే సొంతంగా ఒక పరికరం కొనుక్కుని ఇంట్లోనే పని పూర్తిచేసుకునేవారు ఉన్నారు. చక్రాలు మార్చడమూ వారే చేసుకుంటారు కాబట్టి ఆ ఖర్చు వారికి త్వరగానే గిట్టుబాటవుతుంది.

ప్రతిసారీ ఓబీడీ పరికరంతో రాయించుకోవలసిన కారైతే, ఏటా రెండుసార్లు షాపుకు తిరిగే బదులు క్లోన్ సెన్సర్లు మేలు. ప్రోగ్రామ్ చేయగలిగే ఖాళీ సెన్సర్ల మీద మీ వేసవి చక్రాల ఐడీలనే అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. కారు దృష్టిలో చక్రాలు మారనే లేదు. బిగించి బయలుదేరవచ్చు. అయితే పాత సెన్సర్ల బ్యాటరీ చావకముందే ఈ కాపీ తీయించాలి. అది చచ్చాక షాపు పరికరం ఐడీని చదవలేదు. అప్పుడు టైరు విప్పి సెన్సరు మీద ముద్రించిన సంఖ్య చూడాలి, లేదా కారు కంప్యూటరులోంచి తీయాలి. రెండోది, ఒకే ఐడీ ఉన్న రెండు సెట్లు ఒకేసారి కారు దగ్గర మాట్లాడకూడదు. కదలకుండా పడి ఉన్న సెన్సర్లు నిద్రలో ఉంటాయి కనుక మామూలుగా సమస్య రాదు. అయినా వేసవి చక్రాలను కారు పక్కనే గోడకు ఆనించకుండా కాస్త దూరంగా పెట్టుకుంటే అరుదుగా వచ్చే తప్పుడు అంకెల తలనొప్పి తప్పుతుంది.

కారు కంపెనీ సెన్సర్లకూ, ప్రోగ్రామ్ చేసుకునే యూనివర్సల్ సెన్సర్లకూ మధ్య తేడాను ఎక్కువ చేసి చూడనవసరం లేదు. పేరున్న తయారీదారు సెన్సరు అయి, ఫ్రీక్వెన్సీ సరిపోయి, మీ కారు మోడలుకు రాయగలిగితే చాలు. ఆ పొదుపును మంచి టైర్ల మీద పెట్టండి.

సెన్సర్లు లేకుండా నడపడం

సెన్సర్లు లేని చక్రాలు బిగిస్తే టీపీఎంఎస్ దీపం స్టార్ట్ చేసిన తరువాత నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని, ఆపై స్థిరంగా వెలుగుతూ ఉంటుంది. ఈ మిణుకు వ్యవస్థ పనిచేయడం లేదనడానికి గుర్తు. మిణుకు లేకుండా నేరుగా స్థిరంగా వెలిగితేనే గాలి తక్కువని అర్థం. నెలల తరబడి వెలుగుతున్న దీపం నిజంగా పంక్చరు పడిన రోజున కొత్తగా ఏమీ చెప్పలేదు. ఈ దారి మీద నా ప్రధాన అభ్యంతరం ఇదే.

చట్టం సంగతి కూడా ఉంది. అమెరికాలో పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయడం మరమ్మతు షాపులకు నిషిద్ధం. అందుకే మీరు అడిగినా చాలా షాపులు సెన్సర్లు లేని చక్రాలు బిగించవు. యజమాని తనంతట తాను మార్చుకోవడానికి ఆ నిషేధం వర్తించదు. బ్రిటన్‌లో 2012 జనవరి నుంచి వాడకంలోకి వచ్చిన కార్లు, టీపీఎంఎస్ లోపాన్ని చూపే దీపం వెలుగుతూ ఉంటే వార్షిక ఎంఓటీ తనిఖీలో ఫెయిలవుతాయి. మీరుండే చోట తనిఖీ ఏ నెలలో వస్తుందో చూసుకోకుండా ఈ దారి పట్టవద్దు.

దీపాన్ని ఆర్పడానికి నాలుగు సెన్సర్లనూ ఒక ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, అందులో గాలి నింపి డిక్కీలో పడేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. కారు ఆ గొట్టంలోని గాలిని చూసి అంతా బాగుందనుకుంటుంది, కింద టైరు చదునైపోతున్నా సరే. దీనికంటే వెలుగుతున్న దీపమే నయం, అది కనీసం అబద్ధం చెప్పదు.

సెన్సర్లు లేకుండా నడపడం సబబయ్యేది ఒకే ఒక్క రకం మనిషికి: చట్టం అడ్డురాని చోట ఉండి, చక్రాలు స్వయంగా మార్చుకుంటూ, వారానికోసారి మంచి గేజితో నాలుగు టైర్లూ చూసే అలవాటు ఇప్పటికే ఉన్నవారికి. కొత్తగా ఆ అలవాటు చేసుకుంటానని అనుకునేవారు మాత్రం సెన్సర్లే కొనుక్కోండి.

వాల్వు మూతలు, ఆల్ వెదర్ టైర్లు

వాల్వు మూత స్థానంలో బిగించే చిన్న సెన్సర్లు పాత కార్లకు పనికొస్తాయి. ప్రత్యక్ష వ్యవస్థ ఉన్న కారులో ఇవి కేవలం అదనపు తెర మాత్రమే. రబ్బరు వాల్వు మీద వీటి బరువు, మంచు గడ్డకట్టడం, ప్రతిసారీ గాలి పట్టించడానికి విప్పడం నాకు పెద్దగా నచ్చవు.

మూడు శిఖరాల పర్వతం, మంచు రేకు గుర్తు ఉన్న ఆల్ వెదర్ టైర్లతో ఏడాదంతా నడిపితే సెన్సర్ల ప్రశ్నే రాదు. తేలికపాటి చలి, అప్పుడప్పుడూ మంచు కురిసే చోట ఇది నిజంగా ఆలోచించదగ్గది. గట్టి చలి, మంచు పేరుకునే కొండ దారుల్లో ఇవి అసలైన వింటర్ టైర్లకు సాటి రావు.

కారు వయసు

కారు కొత్తదైతే పైన చెప్పినట్టు నిర్ణయించుకోవచ్చు. ఏడెనిమిదేళ్లదైతే మొదటి నుంచి ఉన్న సెన్సర్ల బ్యాటరీ చివరి దశలో ఉంటుంది. చలికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి అవి ముందుగా మొరాయించేది చలి ఉదయాల్లోనే. అలాంటి కారుకు వింటర్ రిమ్ముల మీద కొత్త సెన్సర్లు వేసి, వేసవి చక్రాల్లో ఒకటి పోయినప్పుడు ఆ టైర్లు మార్చే సమయంలోనే నాలుగింటినీ కలిపి మార్చడం లాభం. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా టైరు విప్పించుకుంటే కూలికే ఎక్కువవుతుంది.

షాపులో చెప్పవలసినవి

కారు మోడలు, తయారీ సంవత్సరం చెప్పి ఫ్రీక్వెన్సీ సరిచూడమనండి. వింటర్ టైర్లకు తరచూ ఒక అంగుళం చిన్న రిమ్ము వాడతారు కనుక, ఆ రిమ్ము వాల్వు రంధ్రానికి ఈ సెన్సరు కోణం సరిపోతుందో లేదో టైరు ఎక్కించకముందే చూడమనండి. నాలుగు ఐడీలూ, ఏది ఏ చక్రంలో ఉందో ఒక కాగితం మీద రాయించుకుని కారు పుస్తకంలో పెట్టుకోండి. వెచ్చని షాపులో గాలి నింపుతుంటే, బయటి ఉష్ణోగ్రతకు ఉన్న తేడాలో ప్రతి 6 డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున ఎక్కువ వేయమనండి. మర్నాడు ఉదయం కారు కదలకముందు గేజితో చూసి సరిచేసుకోండి. సెన్సర్లతో సహా పాత వింటర్ చక్రాలు ఎవరైనా అమ్ముతుంటే, కొనే ముందు పరికరంతో ఒక్కో సెన్సరును మేల్కొలిపి బ్యాటరీ స్థితి చూపించమని అడగండి. అది చూపించలేకపోతే సెన్సర్లు లేని చక్రాల ధరకే బేరమాడండి.